ఎర్ర గడుల్లో ఎండ

ఆ పట్టిక వేసిన టూరిజం పెద్దమనుషులారా, ముందు మీ సంగతి చెప్పాలి. ఈ దేశానికి ఏ నెలలో రావాలో, ఏ నెలలో రాకూడదో పన్నెండు గడులు గీశారు. ఎనిమిదింటికి ఆకుపచ్చ, నాలుగింటికి ఎరుపు పూశారు. లక్ష పుస్తకాలు అచ్చేసి లోకం మీదికి వదిలారు. దేశం నడుమ కొండల వరస ఒకటి ఉందని మీకు తెలియదా? కొండకు పడమర కుండపోతగా కురిసే నెలల్లో తూర్పున చినుకు రాలదని, తూర్పు మునిగే నెలల్లో పడమర ఎండ కాస్తుందని మీలో ఒక్కరికైనా చెప్పినవాడు లేడా? మీ రాజధాని పడమర. మీ ఆఫీసు కిటికీ పడమర. కిటికీలోంచి కనిపించిందే దేశం మొత్తానికీ వాతావరణం అనుకుని రంగులు పూశారు. దీన్ని పొరపాటంటే పొరపాటుకే అవమానం. ఇది బద్ధకం.

ఆ బద్ధకం ఎవరి నెత్తిన పడిందో వినండి.

కొండకు తూర్పున, సముద్రపు ఒడ్డున ఒక ఊరు. ఊళ్లో ముప్పై రెండు గదుల లాడ్జి. లాడ్జి వెనక లాండ్రీ. అక్కడ ఎనిమిది మంది ఆడవాళ్లు పనిచేస్తారు. వాళ్లకు పెద్దను అందరూ పెద్దక్క అంటారు, ఆమె కంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా. యాభై ఏళ్ల మనిషి, గట్టి గొంతు, అంతకన్నా గట్టి మణికట్టు. తడి దుప్పటి ఒక కొస ఆమె పట్టుకుని మెలితిప్పితే రెండో కొస పట్టుకున్నవాళ్లు గిర్రున తిరగాల్సిందే. ఆమె తోటికోడలు అక్కడే ఇస్త్రీ చేస్తుంది. ఆ ఇస్త్రీపెట్టెకు ఎంత వేడుందో ఆమె నాలుకకూ అంతే ఉంటుంది. ఇక వాళ్లిద్దరి అత్త డాబా మీద నీడన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎనభై ఏళ్లు దాటాయి. ఆమె పని ఒక్కటే. తీగ మీది దుప్పటిని చెంపకు ఆనించుకుని, ఆరిందో లేదో చెప్పడం.

చేత్తో చూడొచ్చుగా అని కొత్తగా పనిలో చేరినవాళ్లు అడుగుతారు. అత్త నవ్వుతుంది.

"ఎండలో కాగిన గుడ్డ చేతికి ఎప్పుడూ ఆరినట్టే ఉంటుందమ్మా. చేతిని మోసం చెయ్యొచ్చు. చెంపను చెయ్యలేం."

అత్త "ఆరింది" అనగానే పెద్దక్క గోడ గడియారం చూసి, ఆరడానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకుంటుంది. రాసేది కాగితం మీద కాదు, దుప్పటి మీద. లాడ్జివాళ్లు చిరిగిందని పక్కన పారేసిన దుప్పటి ఒకటి తీసుకుని, నిలువునా పన్నెండు మడతలు, అడ్డంగా ముప్పై ఒక్క మడత పెట్టి ఇస్త్రీ చేస్తారు. మడత గీతలే గడులవుతాయి. ఒక్కో రోజుకు ఒక్కో గడి. గుడ్డల మీద గది నంబర్లు వేసే చెరగని సిరాతో అందులో గంటలు వేస్తారు. సరదాకి కాదు. రేపు పొద్దున్న ఎన్ని గదులకు దుప్పట్లు ఇవ్వగలరో లాడ్జికి ఈరోజే చెప్పాలి. పోయినేడు ఇదే వారం ఎలా ఉందో చూస్తే లెక్క అందుతుంది. అలా ఏడాదికొక దుప్పటి చొప్పున పదకొండు దుప్పట్లు బీరువాలో ఉన్నాయి.

ఆ దుప్పట్లు చెప్పేది ఒకటే మాట. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా గంటన్నర, గంటన్నర, రెండు, గంటన్నర. అక్టోబరు రాగానే గంటలు పోయి రోజులు మొదలవుతాయి. నవంబరులో ఒక దుప్పటి ఆరడానికి రెండు రోజులు. డిసెంబరులో కొన్ని గడుల్లో అంకె కూడా ఉండదు, సున్నా చుట్టి ఉంటుంది. ఆరనే లేదని దానర్థం.

గెస్టులేమో సరిగ్గా అప్పుడే వస్తారు. పుస్తకంలో నవంబరు ఆకుపచ్చ కదా. నల్ల కళ్లద్దాలు, వెడల్పాటి టోపీలు, ఎండకు పూసుకునే క్రీములు పట్టుకుని దిగుతారు. దిగి, వరండాలో వరసగా కూర్చుని వాన చూస్తారు. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి ఆరు రోజులు క్యారమ్స్ ఆడి, ఏడో రోజు మాటలు మానేసి వెళ్లింది. ఓ పెద్దాయన క్రీము పూసుకునే వచ్చి పెద్దక్కను అడిగాడు.

"అమ్మా, ఈ వాన ఎప్పుడు ఆగుతుంది?"

"ఫిబ్రవరిలో."

"నా టికెట్టు ఎల్లుండికి."

"అయితే వాన కంటే ముందు మీరే వెళ్లిపోతారు బాబూ."

ఆ నాలుగు నెలలూ లాండ్రీలో నరకం. మెట్ల కటకటాలకు దుప్పట్లు, కిటికీలకు దుప్పట్లు, ఇస్త్రీబల్ల కింద దుప్పట్లు. ముక్కవాసన వస్తోందని గెస్టులు, గెస్టులు తిడుతున్నారని ఓనరు, ఓనరు అరుస్తున్నాడని అందరూ. జూన్ నుంచి ఎండ పిచ్చిగా కాస్తుంది, దుప్పటి తీగ మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరుతుంది. కానీ వెయ్యడానికి గెస్టుల దుప్పటి ఉండదు, గడి నింపడానికి రోజూ ఒక్క దుప్పటి తడిపి వేస్తారు, అంతే. సెప్టెంబరు దాకా, ఎర్ర గడుల నాలుగు నెలలూ లాడ్జికి తాళం.

ఈ ఏడు మే నెల మూడో వారంలో లాడ్జి ఓనరు లాండ్రీలోకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. మంచి మాట చెప్పేవాడు గొంతు సవరించుకోడని పెద్దక్కకు తెలుసు.

"పెద్దక్కా, అక్టోబరుకు ఆరబెట్టే మెషిన్ తెప్పిస్తున్నా. కరెంటుతో ముప్పావుగంటలో ఆరుతుందట. ఇక తీగలతో పని లేదు. మీ ఎనిమిది మందితో కూడా..." అని ఆగాడు.

"మధ్యలో ఆపకండి. మాటను సగం తడిగా వదలకుండా పూర్తిగా ఆరబెట్టేయండి," అంది తోటికోడలు ఇస్త్రీ ఆపకుండా.

"ఇద్దరు చాలు. మిగతావాళ్లు ఈ నెలాఖరుతో మానేయాల్సిందే. నన్నేం చెయ్యమంటారు? సీజన్లో మీ దుప్పట్లు ఆరవు. ఆరే నెలల్లో సగానికి నాకు గెస్టులు లేరు."

"ఆరే నెలల్లోనే గెస్టుల్ని రమ్మంటే సరిపోతుందిగా," అంది పెద్దక్క.

"వాళ్లు ఆకాశం చూసి రారమ్మా, పుస్తకం చూసి వస్తారు. అందులో జూన్ ఎరుపు. పోయి ఆ పట్టిక మార్పించుకురా, మెషిన్ మాటే ఎత్తను."

అతను ఎగతాళికే అన్నాడు. పెద్దక్క చేతులు తుడుచుకుంది.

"ఏడుగురి ముందు అన్నారు. మాట మార్చకండి."

టూరిజం ఆఫీసు బస్టాండు పక్కన, మేడ మీద. ఆఫీసరు రెండు నెలల కిందటే రాజధాని నుంచి బదిలీ మీద వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. బల్ల మీద కొత్త గొడుగు పెట్టుకున్నాడు. వచ్చే నెల ఎర్ర గడి కదా, ముందుజాగ్రత్త. పెద్దక్క, తోటికోడలు నాలుగేళ్ల దుప్పట్లు చంకన పెట్టుకుని వెళ్లారు.

"ఇవేంటమ్మా?"

"వాతావరణం సార్," అంది పెద్దక్క.

బల్ల మీద పట్టలేదు. కుర్చీలు గోడకు జరిపి నేల మీద పరిచారు. చూడాలంటే ఆఫీసరు చెప్పులు విప్పక తప్పలేదు. మొదట అంచున నిలబడ్డాడు, తర్వాత వంగాడు, చివరికి మోకాళ్ల మీద పాకుతూ జనవరి నుంచి ఏప్రిల్ దాకా వెళ్లాడు. మనిషి చెడ్డవాడు కాదు. అంకె కనిపిస్తే చదివే రకం.

"ఏ పరికరంతో కొలిచారు?"

"మా అత్త చెంపతో."

రాసుకుంటున్న పెన్ను ఆగింది. "చెంప?"

"ఎడమది. కుడివైపు పన్ను నొప్పి," అంది తోటికోడలు.

ఆఫీసరు ఏం రాయాలో తోచక మళ్లీ పాకాడు. మే, జూన్ దాటాడు. జూలై మీదికి వచ్చి ఆగిపోయాడు. వేలు పెట్టి చూశాడు. పక్క దుప్పటి మీదికి పోయి చూశాడు. నాలుగూ చూశాడు.

"మరి ఇదేంటమ్మా? జూలై రెండో వారం, వరసగా ఆరు రోజులు తొమ్మిది గంటలు. నాలుగేళ్లూ అంతే. ఎండ బ్రహ్మాండంగా ఉందంటున్నారు, నడుమ ఇంత వానెక్కడిది?"

పెద్దక్క వంగి చూసింది. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. తన చేతిరాతే. పదకొండేళ్లుగా తనే వేసింది. జూలైలో వాన పడ్డట్టు ఒంటికి ఒక్క చినుకు గుర్తు లేదు, కానీ సిరా గుర్తుంది. నెలాఖరుకు ఇంటికి పోయే ఆరుగురూ కళ్ల ముందు మెదిలారు. ఆఫీసరు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"తప్పు పట్టడం లేదమ్మా. కానీ మీ లెక్క పట్టుకుని నేను పట్టిక మార్చలేను."

దుప్పట్లు మడిచారు. మెట్లు దిగారు. బస్టాండు అరుగు మీద కూలబడ్డారు. పక్కనే ఒకడు బెంచీ మీద మందపాటి రగ్గు కప్పుకుని పడుకున్నాడు, అంత ఎండలో. తోటికోడలు అతన్ని చూసి నవ్వబోయి, ఆగి, అక్క భుజం మీద ఒక్కటిచ్చింది.

"అక్కా, రగ్గులు."

"ఎవడి రగ్గులో మనకెందుకే."

"వాడివి కాదు, లాడ్జివి. జూలై రెండో వారం మనం ఉతికేది దుప్పట్లా? ముప్పై రెండు గదుల రగ్గులు, పరదాలు. తాళం వేశాక ఏడాదికోసారి పంపుతాడుగా ఓనరు."

పెద్దక్క నెత్తి కొట్టుకుంది. గడిలో గంటలు వేసింది గానీ, తీగ మీద ఏముందో ఏనాడూ వెయ్యలేదు. వాళ్లకు తెలుసు కనుక వెయ్యలేదు. తెలిసినవాళ్లు రాసుకున్న లెక్క తెలియనివాడి ముందు ఇలాగే తలకిందులవుతుంది. ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ మళ్లీ మెట్లెక్కారు.

ఆఫీసరు అంతా విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇది మీరిప్పుడు చెబుతున్న మాట. రగ్గులని గుడ్డ మీద లేదు."

"గుడ్డ మీద లేదు, మీ కటకటాల మీద ఉంటుంది. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఒక దుప్పటి, ఒక రగ్గు తడిపి తెస్తాం. మీ ఆఫీసు ముందే ఆరేస్తాం. ఒకటే ఎండ. రగ్గుకు తొమ్మిది గంటలు పడితే జూలైలో ఉన్నవి రగ్గులే. పట్టకపోతే మేం అబద్ధాలకోరులం."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు, గొడుగు చూసుకున్నాడు. ఒప్పుకున్నాడు.

మర్నాడు అత్తను ఆటోలో తెచ్చి మేడ వరండాలో కుర్చీ వేశారు. ఎనిమిదింటికి దుప్పటి, రగ్గు కటకటాలకు ఎక్కాయి. బస్టాండులో వార్త గుప్పుమంది. కండక్టర్లు, పళ్లబండి ఆవిడ, టీకొట్టతను, బస్సు తప్పినవాళ్లు, బస్సు తప్పించుకున్నవాళ్లు, అందరూ తలలెత్తి కటకటాలకేసి చూస్తున్నారు. లాడ్జి ఓనరు కూడా వచ్చాడు. ఊరికే ఇటు వచ్చానన్నాడు. ఎవరూ నమ్మలేదు.

తొమ్మిదిన్నరకు అత్త లేచి దుప్పటి చెంపకు ఆనించుకుంది.

"ఆరింది."

"మీరూ చూడండి సార్, పరికరం మీ దగ్గరా ఉంది," అంది తోటికోడలు.

అంతమంది ముందు ఆఫీసరు దుప్పటికి చెంప ఆనించాడు. పొడిగా, వెచ్చగా ఉంది. కింద ఎవరో ఈల వేశారు. అదే సమయానికి అతని ఫోను మోగింది. రాజధాని నుంచి వాళ్లమ్మ. గొంతు వరండా మొత్తానికీ వినిపించింది.

"ఒరే నాయనా, ఇక్కడ నాలుగు రోజుల నుంచి ఒకటే వాన. ఇల్లంతా తడిబట్టలే. మీ నాన్న చొక్కా లేక ఇల్లు కదలడం లేదు. అక్కడెలా ఉంది, గొడుగు పట్టుకెళుతున్నావా?"

"ఆ," అన్నాడు ఆఫీసరు, ఎండకు కళ్లు చికిలించుకుని.

రగ్గు మాత్రం మొండికేసింది. పన్నెండింటికి తడి. మూడింటికి అంచు ఆరింది, నడుమ తడి. అత్త ఒక కునుకు తీసి లేచింది. నాలుగింటికి ఆఫీసరు ఎవరూ అడగకుండానే వచ్చి చెంప ఆనించి, "ఇంకా ఉంది," అని లోపలికి పోయాడు. పని నేర్చుకున్నాడని అత్త మెచ్చుకుంది. అయిదు కొట్టి రెండు నిమిషాలైంది. అత్త ఒక చెంప, తర్వాత పన్ను నొప్పి ఉన్న రెండో చెంప కూడా ఆనించింది.

"ఇప్పుడు ఆరింది."

తొమ్మిది గంటల రెండు నిమిషాలు. ఆఫీసరు కుర్చీలో కూర్చుని ఆ అంకె రాసుకున్నాడు.

"మీరన్నదే నిజం. హెడ్డాఫీసుకు రాస్తాను. వాళ్లు కమిటీ వేస్తారు. వచ్చే ఏడాది కాకపోతే ఆపై ఏడాది అచ్చులో..."

"ఆపై ఏడాదికి మేముండం సార్," అంది పెద్దక్క. "ఈ ఏటి పుస్తకాలు ఎక్కడున్నాయి?"

"వెనక గదిలో. నాలుగు వేలు."

"పంచేదెవరు?"

"నేనే."

"వాటి మీద చీటీ అంటించకూడదని ఏ కాగితంలో ఉంది?"

ఆఫీసరు బీరువా తెరిచాడు. నిబంధనల ఫైలు తీసి మొదటి నుంచి చివరిదాకా తిప్పాడు, చివరి నుంచి మొదటికి తిప్పాడు. ఎక్కడా లేదు. అంటించమనీ లేదు, వద్దనీ లేదు. అలాంటి సందు దొరికితే గవర్నమెంటు మనిషి సాధారణంగా వద్దు వైపే దూకుతాడు. ఇతను కాసేపు ఫైలు చూసి, కాసేపు రగ్గు చూసి, కాగితం ముందుకు లాక్కున్నాడు.

"తూర్పు తీర ప్రాంతంలో వాతావరణ పరిస్థితులు సాధారణంగా కొంతమేరకు భిన్నంగా ఉండే అవకాశం కలదు," అని రాసి చదివాడు.

"ఇది చదివితే గొడుగు తేవాలా, టోపీ తేవాలా?" అంది తోటికోడలు.

కొట్టేసి మళ్లీ రాశాడు. అదీ కొట్టించారు. చివరికి మిగిలింది ఇది: "కొండకు తూర్పున ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఎండ. అక్టోబరు నుంచి జనవరి దాకా వాన." కింద సంతకం, ముద్ర.

జిగురు కొనే పని లేదు, లాండ్రీలో గంజికేం కరువు. ఎనిమిది మందీ రెండు రోజులు కూర్చుని నాలుగు వేల చీటీలు అంటించారు. ఒక్కటి వంకరపోలేదు. మడత నలగకూడదన్న మనుషులు కదా. కండక్టర్లు కొన్ని కట్టలు కొండ అవతలి బస్టాండ్లకు కూడా చేరవేశారు.

లాడ్జి ఓనరు మెషిన్ కాగితాలు చొక్కా జేబులోనే పెట్టుకుని తిరిగాడు. "చూద్దాం, చూద్దాం," అనేవాడు. జూన్ మొదటి వారం పడమటి వైపు వానకు తాళలేని ముగ్గురు కుర్రాళ్లు అక్కడి బస్టాండులో చీటీ చదివి, కొండ దాటి వచ్చేశారు. బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. గదులున్నాయా అని అడిగితే ఓనరు అలవాటు కొద్దీ "సీజన్ కాదు, మూసేశాం" అనబోయాడు. పెద్దక్క డాబా మీది నుంచి కేకేసింది.

"ఉన్నాయి బాబూ, పైకి రండి. బూట్లు ఇటివ్వండి, తీగ ఖాళీగానే ఉంది."

నెలాఖరుకు ఏడు గదులు నిండాయి. జూలైకి పంతొమ్మిది. రగ్గులు ఉతకడానికి వీల్లేక ఆ పని ఆగస్టుకు వాయిదా పడింది. ఎండలో ఈదొచ్చి, ఇసుక కాళ్లతో దుప్పట్లు తొక్కి, రోజుకు రెండుసార్లు తువ్వాళ్లు అడిగే గెస్టులను చూసి తోటికోడలు సణిగింది. "వానలో వచ్చినవాళ్లే నయం, క్యారమ్స్ ఆడుకుంటూ పడుండేవాళ్లు." ఓనరు ఒకరోజు లాండ్రీ గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. మెషిన్ వద్దని రాసేశానన్నాడు. "ఎనిమిది మందీ ఉండండి. వీలైతే ఇంకొకరిని చూడండి." తోటికోడలు ఇస్త్రీ ఆపి ఆయన మొహం చూసింది. ఒక్క మాటా అనలేదు. అదే పెద్ద మర్యాద.

కానీ హెడ్డాఫీసు కదల్లేదు. విమానాశ్రయంలో గోడంత బోర్డు మీద జూన్ ఇంకా ఎర్రగానే ఉంది. కొత్త ఏడాది పుస్తకం అచ్చుకు పోతోందని, అందులోనూ అదే పట్టికని ఆఫీసరు చల్లగా చెవిన వేశాడు. ఆ మధ్యాహ్నం దుప్పట్లన్నీ తీసేశాక ఇస్త్రీబల్ల మీద కాగితం పెట్టి పెద్దక్క చెప్పింది, తోటికోడలు రాసింది. ఎనిమిది మందీ సంతకాలు చేశారు. అత్త వేలిముద్ర వేసింది. ఆఫీసరు కూడా వచ్చి, అటూ ఇటూ చూసి, ఒక మూల సంతకం పెట్టాడు.

"హెడ్డాఫీసు పెద్దలకు. తూర్పు తీరంలో మాలాంటి ఊళ్లు పదిహేడు ఉన్నాయి. పదిహేడూ ఎండలో తాళాలు వేసుకుని, వానలో తలుపులు తీస్తున్నాయి. దానికి కారణం మీ పట్టిక. దేశానికి రెండు వాతావరణాలున్నాయి కాబట్టి రెండు పట్టికలు వెయ్యండి, కొండకు అటొకటి, ఇటొకటి. అచ్చు ఆపండి. విమానాశ్రయం బోర్డు ఈ నెలాఖరులోగా దింపండి. కమిటీ వద్దు. నమ్మకం కుదరకపోతే మీలో ఎవరైనా రేపే బస్సెక్కి రండి, లాడ్జిలో గది ఇప్పిస్తాం. గొడుగు తేవద్దు. జవాబు రాయక్కర్లేదు, పట్టిక మార్చండి."